బడి మానిపించే ముందు ఏ పరీక్ష రాయిస్తారో తేల్చుకోండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. మా అమ్మాయి ఈ ఏడాది ఎనిమిదో తరగతి పూర్తి చేస్తుంది. లెక్కల్లో చాలా చురుకు. పొద్దున్న ఏడింటికి బడి బస్సెక్కితే రాత్రి ఏడు దాటాక ఇల్లు చేరుతుంది. వారమంతా పరీక్షలే. ‘అమ్మా, అక్కడ చదివేదేం లేదు, గుర్తుపెట్టుకోవడమే’ అంటోంది. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు ఆన్‌లైన్ హైస్కూల్లో చేర్చి ఇంటి దగ్గరే చదివించమంటున్నాడు. ఒక సంస్థవాళ్లు ఫోన్ చేసి, అమెరికా గుర్తింపు ఉన్న డిప్లొమా ఇస్తామని, ఏడాదికి లక్షా ఇరవై వేలని చెప్పారు. మేము లక్షన్నర వరకు పెట్టగలం. కానీ రేపు ఇక్కడ ఇంజినీరింగ్ సీటుకు ఆ డిప్లొమా పనికొస్తుందా? బడి మానిపించడానికి మా మామగారు ససేమిరా అంటున్నారు. నిజంగా గట్టి చదువు చెప్పే ఆన్‌లైన్ స్కూలును ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. అమ్మాయికి చదువు ఎవరు చెప్పాలన్నది ఒకటి, ఆ చదువు పూర్తయిందని ఎవరు కాగితం ఇవ్వాలన్నది మరొకటి. బడిలో ఈ రెండూ ఒకే గుమ్మం దగ్గర దొరుకుతాయి కనుక వాటిని విడదీసి చూసే అవసరం మనకు ఎప్పుడూ రాలేదు. ఇంటి చదువుకు దిగేటప్పుడు మాత్రం విడదీయక తప్పదు. మీకు ఫోన్ చేసిన సంస్థ ఈ రెండింటినీ ఒకే ధరకు అమ్మజూపుతోంది కాబట్టి, ముందుగా కాగితం సంగతి చూద్దాం.

ఇంట్లో చదివించడం నేరం కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది, అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఎనిమిదో తరగతి పూర్తయి పద్నాలుగేళ్లు నిండుతున్న మీ అమ్మాయి విషయంలో ఆ బెంగ దాదాపు అక్కరలేదు. చిక్కంతా ఆ తరువాతి పరీక్షల దగ్గర వస్తుంది. బడికి వెళ్లకుండా నేరుగా సీబీఎస్‌ఈ పదో తరగతి రాయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ బోర్డు అనుబంధం ఇచ్చేది స్థలం, భవనం, ప్రయోగశాలలు ఉన్న బడికే. పరీక్షకు కూర్చోవాలంటే హాజరు కూడా చూపించాలి. అలాంటప్పుడు ‘మాది సీబీఎస్‌ఈ ఆన్‌లైన్ స్కూల్’ అనేవారు సాధారణంగా చేసే పని ఏమిటంటే, ఆ పాఠ్యపుస్తకాలు తాము చెప్పి, పరీక్షను వేరే బడి పేరు మీదనో, సార్వత్రిక విద్యాలయం ద్వారానో రాయించడం. ఈ రెండింటిలో మొదటిదాని జోలికి పోవద్దు.

సార్వత్రిక విద్యాలయం అంటే ఎన్‌ఐఓఎస్. కేంద్ర విద్యాశాఖ కింద 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ పేరుతో మొదలైన ఈ సంస్థ 2002 నుంచి ఇప్పటి పేరుతో పనిచేస్తోంది. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, అయితే ఏ తేదీ నాటికి నిండాలో ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో చూసుకోండి. కనీసం అయిదు సబ్జెక్టులు తీసుకోవాలి. పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి జరుగుతాయి. ఒకసారి నమోదైతే అయిదేళ్లపాటు చెల్లుతుంది. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ప్రయోగాలున్న సబ్జెక్టులకు అధ్యయన కేంద్రానికి వెళ్లాలి కనుక, ఏ ఊళ్లో కేంద్రం దొరుకుతుందో చూసుకున్నాకే నమోదు చేయించండి. మన రాష్ట్రానికి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం కూడా ఉంది, పది, ఇంటర్ రెండూ అది నిర్వహిస్తుంది. ఇంజినీరింగ్ వైపు చూస్తున్న పిల్లకు, రేపు వేరే రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉన్న పిల్లకు, నేను ఎన్‌ఐఓఎస్‌నే చెబుతాను.

ఇంజినీరింగ్ సీటు గురించి అడిగారు. జేఈఈ మెయిన్‌కు అర్హమైన పరీక్షల జాబితాలో, కనీసం అయిదు సబ్జెక్టులతో పాసైన ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ, అంటే పన్నెండో తరగతి, స్పష్టంగా ఉంది. అయితే ఎన్‌ఐటీలు, ఐఐటీల్లో సీటు రావాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులు, లేదా తన బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం అవసరం కాబట్టి, ఓపెన్ స్కూల్ కదా, పాసైతే చాలన్న ధోరణి పనికిరాదు. మన రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లోనూ ఇటీవలి సంవత్సరాల్లో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. ఇంకొక నియమం చాలామంది తల్లిదండ్రులకు తెలియక చివరి నిమిషంలో కంగారు పడుతుంటారు. పదో తరగతి పాసయ్యాక సీనియర్ సెకండరీ పూర్తి సర్టిఫికెట్ రావడానికి రెండేళ్ల ఎడం ఉండాలని ఎన్‌ఐఓఎస్ పట్టుబడుతుంది. ‘మా పిల్ల తెలివైనది, ఒక్క ఏడాదిలో ముగించేస్తుంది’ అనే లెక్క అక్కడ సాగదు.

స్థానికత సంగతి ఇంకా ముఖ్యం. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్రంలోని కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. అర్హత పరీక్ష రాసే ఏటితో ముగిసే వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో చదివి ఉంటే స్థానికురాలు అవుతుంది. ఆ నాలుగేళ్లలో మొత్తంగానో కొంతకాలమో ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే, ఆ నాలుగేళ్లూ ఇక్కడే నివసించినట్టు చూపాలి. మీ అమ్మాయిది సరిగ్గా ఈ రెండో కోవ అవుతుంది కాబట్టి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రమే ఆమెకు ఆధారం. ఎనిమిదో తరగతి వరకు చదివిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే, టీసీ మాత్రం బడి మానిపించడం ఖాయమయ్యాక తీసుకుని భద్రపరచండి. నాలుగేళ్ల తరువాత ఆ బడి యాజమాన్యం మారిపోయి రికార్డుల కోసం తిరగవలసి రావడం మన జిల్లాల్లో కొత్తేమీ కాదు.

ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ మీ మనసులో ఉంటే ఇంకాస్త ఆలోచించాలి. ఆ ట్రిపుల్ ఐటీని నడిపే ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయంలో ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీద జరుగుతాయి, తొలి ప్రయత్నంలోనే పాసై ఉండాలన్న షరతు ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో సబ్జెక్టులను విడతలుగా రాసుకునే వెసులుబాటు ఇక్కడ మీకు అడ్డం తిరగవచ్చు. ఆ సీటే లక్ష్యమైతే పదో తరగతి వరకు మరో మంచి బడిలో చదివించి, ఆ తరువాత ఆలోచించడం మేలని నా అభిప్రాయం. అలాగే ‘తల్లికి వందనం’ సాయం మీకు వస్తూ ఉంటే అది బడి హాజరుతో ముడిపడినది కనుక ఆగిపోతుంది.

ఇప్పుడు అమెరికా డిప్లొమా. అక్కడి విద్యాశాఖ హైస్కూళ్లకు గుర్తింపునిచ్చే సంస్థలను వేటినీ తాను ఆమోదించదు. కనుక ‘అమెరికా ప్రభుత్వ గుర్తింపు’ అన్న మాట వినపడగానే ఫోన్ పెట్టేయవచ్చు. పేరున్న గుర్తింపు సంస్థలు కొన్ని ఉన్నాయి. పశ్చిమ రాష్ట్రాల్లో వాస్క్, తూర్పున మిడిల్ స్టేట్స్ సంఘం, చాలా రాష్ట్రాల్లో కాగ్నియా అలాంటివి. స్కూలు వెబ్‌సైటులో ముద్ర ఉందా అని కాక, ఆ గుర్తింపు సంస్థ సొంత జాబితాలో ఆ స్కూలు పేరు, చిరునామా ఉన్నాయా అని చూడాలి. ఇదేమీ అతిజాగ్రత్త కాదు. ఆన్‌లైన్‌లో హైస్కూల్ డిప్లొమాలు అమ్ముకుంటున్న సంస్థల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టుకెక్కింది. వాటిలో చదువంటూ ఏమీ లేదు, ఆన్‌లైన్ పరీక్ష ఒకటి, రుసుము ఒకటి. అసలైన గుర్తింపు ఉన్నా సరే, ఆ డిప్లొమా మన దేశంలో పన్నెండో తరగతితో సమానమవుతుందా అన్నది విడి విషయం. ఇక్కడి కళాశాల దానికి తుల్యతా పత్రం, అంటే అది మన పన్నెండో తరగతితో సమానమని చెప్పే కాగితం, అడుగుతుంది. ఆన్‌లైన్‌లో ఇంటి నుంచి చదివిన డిప్లొమాకు ఆ పత్రం వస్తుందా అన్నది స్కూలువాళ్లను కాక, భారత విశ్వవిద్యాలయాల సంఘాన్ని రాతపూర్వకంగా అడగాలి. ఆ జవాబు చేతికి రాకుండా ఒక్క రూపాయి కట్టవద్దు.

అమెరికాలోనే డిగ్రీ చదవాలని ఇంటిల్లిపాదీ ఇప్పటికే నిర్ణయించుకుని ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు చూడదగ్గ స్కూళ్లు నిజంగానే ఉన్నాయి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ హైస్కూల్ 2006లో మొదలైంది, ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు ఉంది. చిన్న తరగతుల్లో పిల్లలు చర్చిస్తూ చదువుతారు. చేరడానికి వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫారసులు కావాలి. చదువు గట్టిదే. కానీ పూర్తికాల విద్యార్థికి ఏడాదికి పాతికవేల డాలర్ల పైమాటే, అంటే మీరు పెట్టగలనన్న డబ్బుకు పది రెట్లు దాటుతుంది. ఆర్థిక సాయం ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని బడి మానిపించలేం. పైగా కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. ప్రస్తుతం రాత్రి ఏడుకు ఇంటికి వస్తోందని బాధపడుతున్న మీరు, రాత్రి పదిన్నరకు తరగతిలో కూర్చోబెట్టడానికి ఒప్పుకుంటారా? ఇంగ్లండు స్కూళ్లయితే వేళలు కాస్త నయం, అక్కడి ఉదయం తొమ్మిది మనకు మధ్యాహ్నం ఒకటిన్నరో రెండున్నరో అవుతుంది. అవి కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతి స్థాయి), ఏ-లెవెల్ (పన్నెండో తరగతి స్థాయి) వంటి పరీక్షలకు తయారు చేస్తాయి. ఆ పరీక్షలు ప్రైవేటు అభ్యర్థిగా రాయాలంటే అలాంటివారిని తీసుకునే కేంద్రం దొరకాలి, ఏ-లెవెల్ సైన్సుకు ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి. నరసన్నపేట నుంచి అది విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లే పని.

ఇక కాగితం సంగతి పక్కన పెట్టి చదువులోకి వద్దాం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన మాట ‘గట్టి చదువు’. మన ఊళ్లలో గట్టి చదువంటే ఎక్కువ గంటలు, ఎక్కువ పుస్తకాలు, పై తరగతి పాఠాలు ముందే చెప్పేయడం అని స్థిరపడిపోయింది. మీ అమ్మాయి ఇప్పుడు చదివే బడిలో ఉన్నది సరిగ్గా అదే కదా! ఆన్‌లైన్ స్కూలు కూడా అదే ఇస్తే మీరు బస్సు ఛార్జీ మిగుల్చుకున్నారు, అంతకుమించి జరిగిందేమీ లేదు. నా కొలత వేరు. పిల్ల రాసిన జవాబు దిద్దుబాటు తరువాత ఎలా తిరిగి వస్తుందో చూస్తే ఆ స్కూలు సంగతి తెలిసిపోతుంది.

కనుక ఏ స్కూలునైనా మొట్టమొదట అడగవలసింది, పేరు చెరిపేసిన ఒక విద్యార్థి వ్యాసం, ఒక లెక్కల జవాబుపత్రం, వాటి మీద ఉపాధ్యాయుడు రాసిన వ్యాఖ్యలతో సహా చూపించమని. చూపించడానికి సందేహించే స్కూలు ఎంత పెద్ద పేరున్నదైనా నేను పక్కన పెడతాను. చూపిస్తే, ఆ వ్యాఖ్యలు చదవండి. ‘బాగుంది, ఇంకా కృషి చేయాలి’ అని ఉంటే అది దిద్దడం కాదు. ‘రెండో పేరాలో నువ్వు చెప్పిన కారణానికి, మూడో పేరాలో ఇచ్చిన ఉదాహరణకు పొంతన లేదు, తిరిగి రాసి పంపు’ అని ఉంటే అక్కడ ఒక మనిషి కూర్చుని చదివినట్టు. తిరిగి రాసినదాన్ని మళ్లీ చదువుతారా, ఎన్నాళ్లలో తిప్పి పంపుతారు, దిద్దేది పాఠం చెప్పిన ఉపాధ్యాయుడేనా, మార్కుల్లో ఎంత భాగం నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టే ప్రశ్నల నుంచి వస్తుంది, ఇవన్నీ అడగండి. యంత్రమే ప్రశ్న వేసి, యంత్రమే మార్కు వేసే కోర్సుకు లక్షా ఇరవై వేలు అనవసరం. ఖాన్ అకాడమీలో ఉచితంగా దొరుకుతుంది, ప్రభుత్వం 2017లో తెచ్చిన దీక్షా వేదికలోనూ పాఠాలున్నాయి.

లెక్కల విషయంలో మీరే ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. మూడూ అయిదూ గుణించి ఒకటి కలిపితే పదహారు, అది నాలుగు వర్గం. ఏడూ తొమ్మిదీ గుణించి ఒకటి కలిపితే అరవై నాలుగు, ఎనిమిది వర్గం. మామూలు కోర్సు ఇలాంటివి ఇంకో పది చేయిస్తుంది. మంచి కోర్సు, ఏ రెండు వరుస బేసి సంఖ్యలకైనా ఇలాగే వస్తుందని రుజువు చేయమంటుంది. ఇంకా మంచి కోర్సు, బేసి సంఖ్యలే ఎందుకు, సరి సంఖ్యలు తీసుకుంటే ఏమవుతుంది అని పిల్లనే ప్రశ్న వేసుకోనిస్తుంది. వాటికీ వర్గమే వస్తుంది, ఎందుకంటే అక్కడ పనిచేస్తున్నది బేసితనం కాదు, రెండు సంఖ్యల మధ్య ఉన్న రెండు తేడా. స్కూలువాళ్లు ఇచ్చే నమూనా హోంవర్కులో ‘రుజువు చేయండి’, ‘ఎందుకో వివరించండి’ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. లెక్కల్లో చురుకైన పిల్లల కోసమే నడిచే ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వంటి సంస్థల కోర్సులు విడివిడిగా తీసుకోవచ్చు. మొత్తం స్కూలులో చేరనక్కరలేదు, ఖర్చు కూడా మీ అందుబాటులో ఉంటుంది.

ఈ సరికి నా సలహా ఎటు వెళుతోందో మీకు అర్థమై ఉంటుంది. మీ పరిస్థితిలో, మీ బడ్జెట్‌లో, ఇక్కడే ఇంజినీరింగ్ చదివే అవకాశాన్ని వదులుకోకూడదు అనుకున్నప్పుడు, పూర్తి విదేశీ డిప్లొమా కొనవద్దు. కాగితం ఎన్‌ఐఓఎస్ నుంచి తీసుకోండి. ఆ పాఠ్యాంశాలు మీ అమ్మాయికి తేలికనిపిస్తాయి, వాటితోనే ఆగితే ఇప్పటి బడికన్నా వెనకబడుతుంది. కాబట్టి లెక్కలకు ఒకటి, ఇంగ్లీషు రచనకు ఒకటి, మనిషి దిద్ది పంపే గట్టి కోర్సులు రెండే రెండు ఎంచుకుని లక్షన్నరలో అధిక భాగం వాటి మీద పెట్టండి. సైన్సు పాఠాలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల నుంచి చదివించవచ్చు, కానీ ప్రయోగాలకు మాత్రం మనుషులు, పరికరాలు కావాలి. దగ్గరలోని జూనియర్ కళాశాల అధ్యాపకులెవరినైనా వారానికి ఒక పూట చెప్పమని ఇప్పటినుంచే అడిగి పెట్టుకోండి. ఇంటి చదువులో అందరూ చివరికి వదిలేసేది ఇదే.

తెలుగును కూడా ఒక సబ్జెక్టుగా ఉంచండి. మీకు పాతిక కిలోమీటర్ల లోపే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. తెలుగు కథ మొత్తాన్ని ఒకచోట చేర్చాలని పెట్టిన గ్రంథాలయం అది. ఏ ఆన్‌లైన్ స్కూలూ ఇవ్వలేనిది అక్కడ ఒక పూట కూర్చుంటే దొరుకుతుంది. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు, తేలినీలాపురం వచ్చే విదేశీ పక్షులు, ఏడాదికి రెండు విడతల్లో ఉదయపు కిరణాలు మూలవిరాట్టును తాకే అరసవల్లి ఆలయం, ఉద్దానం నీళ్లూ కిడ్నీ జబ్బూ, ఇవన్నీ పరిశోధన వ్యాసం రాయమన్న కోర్సుకు విషయాలే. ఆ వ్యాసాన్ని స్వీకరించి దిద్దే కోర్సునే వెతకండి.

కరెంటు, ఇంటర్నెట్ గురించి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు రోజుల తరబడి కరెంటు లేకపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. తరగతులు రికార్డు చేసి ఇస్తారా, గడువు పొడిగించే నియమం ఏమిటి, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది అన్నవి ఒప్పందంలో చూసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు.

మీ మామగారి అభ్యంతరాన్ని తోసిపుచ్చకండి. లోకం ఏమంటుందన్నది ఆయన భయమైతే దానికి నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు. కానీ పిల్ల ఒంటరిదైపోతుందన్నది ఆయన భయమైతే అది సరైన భయం. తోటి పిల్లలతో రోజూ సాయంత్రం ఆట, వారానికి ఒకసారైనా కలిసి చదువుకునే ఒకరిద్దరు స్నేహితులు ఏర్పాటయ్యాకే బడి మానిపించండి. ఆయనకు మరొక మాట కూడా చెప్పవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో పది పాసైన పిల్ల తిరిగి మామూలు జూనియర్ కళాశాలలో ఇంటర్‌లో చేరవచ్చు కనుక, ఈ నిర్ణయం రెండేళ్లదే. పగటిపూట ఇంట్లో పిల్లతో ఎవరుంటారన్నది మీరు రాయలేదు. మీరిద్దరూ ఉద్యోగానికి వెళ్లేవారైతే, నా సలహా మొత్తానికి ముందు ఆ ప్రశ్న తేలాలి. తాతగారే ఉండేటట్టయితే ఆయన ఒప్పుకోలు ఇంకా అవసరం.

టీసీ అడగడానికి తొందర లేదు. ఈ వేసవి సెలవుల్లో ఒకే ఒక్క కోర్సులో, లెక్కలదో రచనదో, అమ్మాయిని చేర్పించండి. దిద్ది వచ్చిన మొదటి జవాబుపత్రాన్ని ఆమె ఎలా తీసుకుంటుందో గమనించండి. మార్కు చూసి పక్కన పడేస్తోందా, వ్యాఖ్య చదివి, విసుక్కున్నా సరే, మీరు చెప్పకుండానే తిరిగి రాయడానికి కూర్చుంటోందా అన్నది చూడండి. రెండోది జరిగితే బడులు తెరిచేలోగా ఎన్‌ఐఓఎస్ నమోదు, నివాస ధ్రువపత్రం పనులు మొదలుపెట్టండి. మొదటిది జరిగితే తొమ్మిదో తరగతికి ఇంటికి దగ్గరలో, సాయంత్రం నాలుగింటికి పిల్లల్ని వదిలే బడి ఏదో వెతికి, అదే లెక్కల కోర్సును ఆదివారాలు కొనసాగించండి.